లెక్కలో లేని సీసా

చాచా పోయాడన్న కబురు నాకు అందేసరికి ఆయన్ని మట్టి చేయడం కూడా అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం మహబూబ్‌నగర్ కాలేజీలో పాఠం చెబుతుంటే ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. నల్లగొండ నుంచి ఫోన్ వచ్చిందట, ల్యాబ్ చాచా పొద్దున పోయాడట, జుమ్మా నమాజు కాగానే తీసుకెళ్ళారట. చీటీ జేబులో పెట్టుకుని మిగిలిన పావుగంటా పాఠం చెప్పాను. ఏం చెప్పానో ఆ పిల్లలకే తెలియాలి. మర్నాడు పొద్దున దేవరకొండ మీదుగా పోయే బస్సెక్కాను. ఎక్కినప్పటి నుంచి ఒకటే గుబులు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఆరేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండడు. నల్లగొండ పక్కన మా కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. పిల్లలమూ, సార్లూ, చివరికి ప్రిన్సిపాల్ కూడా చాచా అనే పిలిచేవాళ్ళం. దగ్గర్లోని పల్లెలో ఇంత సేద్యం చేసుకునే ఇల్లు వాళ్ళది. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి మోకాళ్ళూ మెడా బిగుసుకుపోయాయి. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు. చేతిలో యాసిడ్ జాడీ ఉన్నా సరే, ఆ తిరగడంలో ఒక్క చుక్క తొణికేది కాదు.

ఆయన దగ్గర చదువుకున్నానంటే నవ్వుతారేమో గానీ, గాజు సామాను కడగడం నాకు నేర్పింది ఆయనే. ఆరబెట్టిన బీకరును చెంపకు ఆనించుకుని చూసేవాడు. "తడి కండ్లకు దొరకది బేటా, చెంపకు దొరుకుతది" అనేవాడు. నేను హడావుడి పడితే చేతిలోని సీసా తీసేసుకుని, "తొందరున్నోడు బైటికి వోయి చాయ్ తాగి రా. నీ తొందర సల్లారినంక చేద్దాం" అనేవాడు. మోత్కూర్‌లో మగ్గం మీద పోగు తెగినప్పుడు మా నాయిన కూడా నన్ను ఇలాగే బయటికి పంపేవాడు. అందుకే కాబోలు, చేరిన మొదటి వారంలోనే చాచా అంటే నాకు భయమూ చనువూ రెండూ ఏర్పడ్డాయి.

నేను ఆ కాలేజీలో మా సార్ దగ్గర పీహెచ్‌డీకి చేరింది తొంభైల మొదట్లో. మా పని ఏమిటో కాస్త చెప్పాలి. మొక్కలు నీళ్ళతో పాటు మట్టిలోని సిలికాను కూడా పీల్చుకుంటాయి. వరి పొట్టు చేతికి గరుగ్గా తగిలేది దానివల్లే. ఆ సిలికాలో ఆక్సిజన్ ఉంటుంది. ఆక్సిజన్‌లో తేలికది, బరువుది అని రకాలున్నాయి. మొక్క ఎలాంటి నీళ్ళు తాగింది, ఎంత ఎండలో పెరిగింది అన్నదాన్నిబట్టి వాటి పాళ్ళు మారతాయి. ఆ పాళ్ళు కొలవగలిగితే, ఎప్పటిదో మట్టి పొరలో దొరికిన సిలికాను చూసి ఆనాటి వానల గురించీ ఎండల గురించీ చెప్పొచ్చు.

చిక్కంతా ఆ కొలవడంలోనే ఉంది. ఒకే పొడిని అయిదు ల్యాబులకు ఇస్తే అయిదు అంకెలు వచ్చేవి. ఈ పొడి గాలిలోని తడిని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఆ తడిలోనూ ఆక్సిజనే. దాన్ని ఒక్కో ల్యాబు ఒక్కో తీరుగా తరిమి, ఆ తర్వాత ఫ్లోరిన్ వాయువుతో సిలికాను విరగ్గొట్టి ఆక్సిజన్‌ను బయటికి లాగుతుంది. సార్ ఇదంతా నాకు చెబుతుంటే చాచా మనిషి మొత్తం ఇటు తిరిగి, "మన నీళ్ళల్లుండి బొక్కలు వంచేది గదేనా సార్?" అని అడిగాడు. దాని అన్నలాంటిదనుకో అన్నారు సార్. "అయితే గా ల్యాబోళ్ళను జర పైలంగ ఉండుమనుండ్రి" అన్నాడు చాచా.

ఎవరి పద్ధతిని నమ్మాలో తేల్చాలంటే అందరూ ఒకే పొడిని కొలవాలి. ఆ పొడి చేసిచ్చే పని మా సార్ నెత్తికెత్తుకున్నారు. హుజూర్‌నగర్ మిల్లు నుంచి వరి పొట్టు తెచ్చాం. మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లోంచి జొన్న చొప్ప తెచ్చాం. విడివిడిగా యాసిడ్‌లో ఉడికించి, కడిగి, ఆరబెట్టి రెండు జాడీల తెల్ల పొడి చేశాం. చూడ్డానికి రెండూ ఒకటే. సార్, నేను తప్ప ఆ జాడీలను ఇంకెవరూ ముట్టుకోకూడదని కట్టడి.

అయిదు ల్యాబులకు అయిదు డబ్బాలు, డబ్బాకు ఆరు సీసాలు. వాటిలో అయిదింట వరి పొడి, నాలుగోదాంట్లో మాత్రం జొన్న పొడి. ఆ సంగతి ఏ ల్యాబుకూ చెప్పలేదు. ఎండకు పెరిగిన మెట్ట జొన్నలో బరువు ఆక్సిజన్ పాలు ఎక్కువ. ఒకరి అంకెలు ఇంకొకరితో కలవకపోయినా, ఎవరి ల్యాబులో వాళ్ళకు నాలుగో సీసా మిగతావాటికంటే బరువుగా తేలాలి. అలా తేల్చలేనివాళ్ళ కొలతను పక్కన పెట్టేయొచ్చన్నది సార్ ఎత్తు. ఇది తెలిసింది సార్‌కూ నాకూ మాత్రమే. చాచాకు కూడా చెప్పలేదు.

సీసాలు నింపిన రోజు నేను గోడకేసి తిరిగి త్రాసు ముందు కూర్చున్నాను. పొడి తూచి, కాగితంలో పెట్టి వెనక్కి అందిస్తుంటే, చాచా దాన్ని సీసాలో పోసి, బిరడా పెట్టి, మైనం చుట్టి, అంకె చీటీ అంటించేవాడు. మొదటి డబ్బాకు మూడు వరి, ఒక జొన్న, రెండు వరి, వరసగా అందించాను. ఆరూ అయ్యాయని చేతులు దులుపుకుంటుంటే వెనక నుంచి చాచా, "ఇంకోటి గావాలె బేటా" అన్నాడు. ఒకటి మరిచిపోయానేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి ఒక్కసారి చూస్తే సరిపోయేది. చూడలేదు. ఇంకో వరి తూచి ఇచ్చాను. నోట్‌బుక్కులో మాత్రం ఆరు అనే రాశాను. మిగతా నాలుగు డబ్బాలూ ఏ ఇబ్బందీ లేకుండా నిండాయి.

నెలలు గడిచాక ఒక్కొక్కరి కాగితాలూ రావడం మొదలైంది. నాలుగు ల్యాబుల్లో నాలుగో సీసాయే బరువు. సార్ ముఖం వెలిగిపోయింది. అయిదోది మన దేశంలోనే, దక్షిణాన ఉన్న ఓ చిన్న ల్యాబు. మేం నింపిన మొదటి డబ్బా పోయింది వాళ్ళకే. వాళ్ళ కాగితంలో నాలుగోది మామూలుగా ఉంది, మూడోది బరువు. సీసాలు తారుమారు చేసుకున్నట్టున్నారు, నాలుగోది జొన్న అని సార్ ఆ ల్యాబు అధికారికి రాశారు. జవాబు తిరుగుటపాలో వచ్చింది. కొలిచిన అమ్మాయి తాత్కాలిక ఉద్యోగి అట, ఆమె పని మీద ఆయనకు మొదటి నుంచీ అనుమానమేనట, మీ ఫలితాల పట్టిక చేతికి రాగానే నెలాఖరుకు ఆమెను తీసేస్తానని రాశాడు.

మర్నాడు ఆ అమ్మాయి విడిగా రాసిన ఉత్తరం వచ్చింది. గురువారం. సార్ కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోతే నేనే చదివి వినిపించాను. మూడో సీసాను మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అదే వచ్చింది. నాలుగని దిద్దితే ఉద్యోగం ఉంచుతామంటున్నారు. ఈ ఉద్యోగం మీదే మా ఇల్లు నడుస్తుంది. అయినా నేను చూడనిది రాయలేను. అంతే ఆ ఉత్తరం.

వాళ్ళ కాగితం చూసినప్పుడు తట్టలేదు గానీ, మూడు అన్న మాట నా నోటితో పలికినప్పుడే నాకు తెలిసిపోయింది. "ఇంకోటి గావాలె బేటా."  ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా, తప్పు ఆ అమ్మాయిది కాదనీ, నా వీపు వెనక ఎక్కడో జరిగిందనీ అర్థమైంది.

నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో నాకు బాగా తెలుసు, మీ దగ్గర దాచడమెందుకు. మా లెక్కే తప్పిందంటే మా పొడిని ఎవరూ నమ్మరు. పొడి పోతే నా పీహెచ్‌డీ పోతుంది. మోత్కూర్ వెళ్ళి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. మా ఇంట్లో ఎవరూ సిగ్గుపడని పని అది. నాకు మాత్రం ఆ గుంట కళ్ళముందు కనబడి భయమేసింది. ఆ అమ్మాయి ముఖం నేనెప్పుడూ చూడలేదు. చూడలేదు కాబట్టే ఊరుకోగలిగాను.

సోమవారం పట్టిక పోస్టు చేస్తానన్నారు సార్. గురువారం, శుక్రవారం నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. చాచా రెండుసార్లు, "పాణం మంచిగ లేదా?" అని అడిగాడు. ఏం లేదన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చూసి, వెళ్ళి సామాను కడుక్కున్నాడు.

శనివారం పొద్దున సార్ పట్టికను సరిచూసుకుంటూ పైకే విసుక్కున్నారు. "మొదటి డబ్బ వోయి వోయి వీళ్ళ చేతుల వడ్డది" అన్నారు. సింకు దగ్గర చాచా నీళ్ళు కట్టేశాడు.

"ఏ డబ్బ సార్?"

"మొదటిది. ఎందుకు చాచా?"

"ఏమైంది దానికి?"

"మూడో సీసల తేడా వచ్చిందంటున్నది కొలిచిన పిల్ల. గందుకే ఆమె నౌకరీ వోతున్నది. రావాల్సింది నాలుగోదాంట్ల. అండ్ల వేరే పొడి పోసినం."

"వేరే పొడి పోసిన్రా" అన్నాడు చాచా నెమ్మదిగా. "నాకు జెప్పలే."

చేతులు తుడుచుకుని స్టూలు లాక్కున్నాడు. ఆ మోకాళ్ళతో ఆయన స్టూలు ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. పట్టుకుందామనుకున్నాను, పట్టుకోలేదు. బీరువా మీద నుంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దించి సార్ టేబుల్ మీద పెట్టాడు. బిరడాకు మైనం చుట్టి ఉంది. అంకె మాత్రం లేదు.

"ఇది లెక్కల లేదు సార్. మా ఇంట్ల కల్లం కాడ మొదటి కుంచం దర్గ పాలు. కొలిచి పక్కకు వెడుతం, దాన్ని ఎంచం. ఎంచుడు దాని తర్వాతనే మొదలు. ఆ దినం మొదటి సీస నింపంగనే చెయ్యి దానంతల అదే పక్కకు వెట్టింది. వెట్టినంక నవ్వొచ్చింది, ఇవేమన్న వడ్లా అని. అన్నీ ఒకటే పొడి గద, ఒకటి ఎక్కువుంటే ఏమైతదని బీరువ మీద వెట్టిన. ఒకటో నంబరు చీటీ రెండోదానికి అంటించిన."

సార్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. నాలుగోసారి పోసింది మూడో అంకె కిందికి జరిగింది. ఒక్క మొదటి డబ్బాలోనే జరిగింది, ఎందుకంటే మొదటి కుంచం ఒక్కటే ఉంటుంది. ఆయన తల ఎత్తి నా వైపు చూశారు.

"అయితే డబ్బల ఒకటి తక్కువ వడాలె గద. ఆరెట్లున్నయి? నువ్వు ఏడోసారి తూచినవా?"

నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఈ రోజుకీ నాకు తెలియదు. చాచా ఒక అడుగు జరిగి సార్‌కూ నాకూ నడుమ నిలబడ్డాడు.

"ఏడోది నేనే జాడీల నుంచి తీసి పోసిన సార్. పిల్లగాడు అప్పుడు చేతులు కడుగుతందుకు వోయిండు. వానికెర్క లేదు."

ఆయన నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు, అదే చివర. నేను తల వంచుకున్నాను. ఆ వంచుకోవడంతోనే అబద్ధంలో నాకూ వాటా వచ్చేసింది.

"జాడీల చెయ్యి వెట్టినవా?" సార్ గొంతు మారిపోయింది. "ఎవ్వరు ముట్టొద్దని చెప్పిన గద. ఇన్నేండ్ల నుంచి పనిచేస్తున్నవు." టేబుల్ మీది సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నిజమని ఎట్ల నమ్మాలె? ఆ పిల్ల మీద జాలివడి చెప్తలేవు గద?" అన్నారు.

"నమ్మకుండ్రి సార్. ఆ బిడ్డనే అడుగుండ్రి."

నమ్మకపోయినా తేల్చుకునే దారి ఒకటుంది. వరి పొట్టు సిలికా సూక్ష్మదర్శినిలో జంట మొనల పెచ్చుల్లా కనబడుతుంది. జొన్న చొప్పది డమరుకంలా ఉంటుంది. ఆ సీసా అడుగున చిటికెడు మిగిలినా చాలు. కానీ అది శనివారం, మధ్యాహ్నానికి ఆ ల్యాబు మూసేస్తారు. ముగ్గురం బస్టాండు దగ్గరి ఎస్‌టీడీ బూత్‌కు పోయాం. చాచా మా వెనక కుంటుకుంటూ వచ్చాడు. లైను అయిదారు సార్లు కలవలేదు. గోడ గడియారంలో పన్నెండుకు ఇంకా పది నిమిషాలే ఉంది.

కలిశాక సార్ ఆ అమ్మాయిని పిలిపించి ఇంగ్లీషులో ఒకటే మాట చెప్పారు. మూడో సీసాలో మిగిలింది అద్దం మీద వేసి చూడండి, ఏం కనబడాలో నేను చెప్పను, ఏం కనబడితే అది చెప్పండి. పది నిమిషాలకు మళ్ళీ చేశారు. బూత్ తలుపు తీసే ఉంది. చాచా తలుపు అంచు పట్టుకుని నిలబడ్డాడు. సార్ వింటున్నారు. ముఖంలో ఏమీ తెలియడం లేదు. ఆ అమ్మాయి నిజంగా మూడూ నాలుగూ తారుమారు చేసుకుని ఉంటే బాగుండునని ఆ క్షణంలో నేను కోరుకున్నాను. ఇంత నీచంగా నా జీవితంలో ఇంకేదీ కోరుకోలేదు.

సార్ ఫోను చేత్తో మూసి మా వైపు తిరిగారు. "నడుము సన్నగ ఉన్నదట. రెండు కొసలు గుండ్రమట. మొత్తం అవ్వేనట."

చాచా మెట్టు మీద కూర్చుండిపోయాడు. "బచ్‌గయీ, బతికిపోయింది బిడ్డ" అన్నాడు.

సార్ ఆ సాయంత్రమే అయిదు ల్యాబులకూ ఉత్తరాలు రాశారు. తప్పు మాదే, మొదటి డబ్బాలో అంకెలు జరిగాయి, ఆ ల్యాబు కొలత సరైనదే అని. ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడింది. విచిత్రమేమిటంటే మా పొడి మీద ఎవరికీ నమ్మకం పోలేదు. తప్పు చెప్పుకున్నారు కాబట్టి మిగతాది నమ్మొచ్చని ఒకాయన రాశాడు కూడా. నా పీహెచ్‌డీ నడిచింది, ఉద్యోగం వచ్చింది. నేను ఏ గుంటకు భయపడి నోరు మూసుకున్నానో ఆ గుంట అసలు లేనే లేదు.

పోయింది చాచాకే. ముట్టవద్దన్న జాడీ ముట్టాడని ప్రిన్సిపాల్ మెమో ఇచ్చి, ల్యాబు నుంచి తీసి గేటు దగ్గర వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చుని గంట కొట్టాడు. సార్ అడ్డుపడలేదు. నాకు సార్ మీద కోపం లేదు, ఆయనకు తెలిసింది అంతే. రోజూ ఆ గేటులోంచే లోపలికి పోయేవాణ్ణి. "మంచిగున్నవా బేటా, పొడి తడి వట్టకుండ చూస్తున్నవా?" అని అడిగేవాడు. ఒకసారి చెప్పేద్దామని ఆగాను. "చాచా, ఆ ఏడోది..." అన్నాను. "ఇప్పుడొద్దు, బస్సు వోతది నీది" అన్నాడు. నిజంగానే బస్సు వస్తోంది. నేను ఎంత తేలిక పడి పరిగెత్తానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఆ తర్వాత మహబూబ్‌నగర్ వచ్చేశాను. పండుగకు కార్డు రాసేవాణ్ణి. ఇంటికి రమ్మని ఆయన జవాబు రాయించేవాడు. సెలవులు దొరకలేదని మళ్ళీ రాసేవాణ్ణి.

ఆయన పోయిన మర్నాడు, శనివారం, నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి చాచా భార్య, మా చాచి, గడప లోపల చాప మీద కూర్చుని ఉంది. పక్కింటి వాళ్ళు తెచ్చిపెట్టిన అన్నం గిన్నెల మూతలు తీయకుండానే ఉన్నాయి. నేను అరుగు మీద కూర్చున్నాను. ఆమే మొదట మాట్లాడింది.

"నువ్వొస్తవని అనుకుంటనే ఉన్న. ఆ పిల్లగాడు ఎప్పుడన్న వస్తడు, ఒక ముచ్చట చెప్తడు అనేటోడు మీ చాచా. ఏం ముచ్చట అంటే, వాడు చెప్తేనే వినాలె, నేను చెప్తే మంచిగుండదు అనేటోడు. ఏం చెప్పేదుండె బేటా?"

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. ఆరేళ్ళూ ఆ మాటను నాకోసం అట్టే ఉంచాడు.  ఇక దాచలేదు. సీసాలు, దర్గ పాలు, ఆ అమ్మాయి ఉత్తరం, అన్నీ మొదటి నుంచీ చెప్పాను. "ఏడోది తూచి ఇచ్చింది నేనే చాచీ. చాచా ఆ జాడీ ముట్టలేదు. నాకోసం ముట్టిన్నని చెప్పిండు. నేను ఊకున్న" అన్నాను.

చాచి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి గా బిడ్డ నౌకరీ ఉన్నదా?"

"ఉన్నది. పర్మినెంట్ అయింది."

"మంచిగైంది" అంది. నా గురించి ఇంకేమీ అనలేదు. అనమని నేనూ అడగలేదు.

మబ్బు పట్టింది. చాచి వాకిట్లోకి చూసి, "బేటా, వానొచ్చేటట్టున్నది. దండెం మీది లాల్చీ జర అందియ్యి. మీ చాచా వోయినంక నాలుగు నెలలు నేను గడప దాటొద్దు గద" అంది. గురువారం ఆయనే ఉతికి ఆరేసుకున్నాడట. లేచి వెళ్ళి దించాను. ముంజేతుల మీద, పొట్ట మీద యాసిడ్ తుంపర్లు పడి కాలిన చిన్న చిన్న చిల్లులు. ల్యాబు నుంచి తీసేసి అన్నేళ్ళయినా ఆ లాల్చీనే తొడుక్కుంటూ వచ్చినట్టున్నాడు, ఉతికి ఉతికి వాటి అంచులు పీచు తేలాయి. మడత పెడదామని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. ఒక్కో చిల్లులోంచి వెనక ఉన్న ఆకాశం తెల్లగా కనబడుతోంది.